ఏడేళ్లకోసారి ఒళ్లంతా కొత్తదైపోతుందన్నది నిజమేనా? మా పాప చార్టులో టీచరు కొట్టేశారు

చార్టుపేపర్
మా పాప ఆరో తరగతి. "మన శరీరం గురించి మీకు తెలియని నిజాలు" అని చార్టు చేసి తెమ్మన్నారు. ఇద్దరం రెండు రాత్రులు కూర్చుని చేశాం. బొమ్మలన్నీ తనే వేసింది, అక్షరాలు నేను రాశాను. అందులో పెద్ద అక్షరాలతో రాసినవి మూడు. ఏడేళ్లకోసారి మన ఒళ్లంతా కొత్తదైపోతుంది. ఒంట్లో మన కణాలకంటే బాక్టీరియా పది రెట్లు ఎక్కువ. మనమంతా నక్షత్రధూళితో తయారయ్యాం.

నిన్న చార్టు తిరిగొచ్చింది. మొదటి రెండింటి మీదా అడ్డంగా ఎర్రగీత. మూడోదాని పక్కన "అంతా కాదు" అని రాసి ఉంది. పాప బ్యాగు కూడా దించకుండా ఏడ్చింది.

టీచరు మీద నాకు కోపం లేదు. నా బాధ వేరే. ఈ మూడూ నేను కల్పించినవి కావు కదా. ఇరవై ఏళ్లుగా పేపర్లలో చదివాను, వీడియోల్లో చూశాను. ఇప్పుడు తప్పంటున్నారు. సైన్సు ఇలా పూటకో మాట మారుస్తుంటే పిల్లలకు దేన్ని నిజమని చెప్పాలి? సోమవారంలోపు మళ్లీ చేసివ్వాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

సందేహాలరావు
నా మనసులో మాట అడిగారు. మెదడులో కొత్త కణాలు పుట్టవని మాకు చదువుకునే రోజుల్లో చెప్పారు. తర్వాత పుడతాయన్నారు. 2018లో పుట్టవన్నారు. మొన్న 2025లో మళ్లీ పుడతాయన్నారు. ఎవరిని నమ్మాలి?

వేగుచుక్క
టీచరు గీత కొట్టడం సబబే. మొదటి రెండూ తప్పు. మూడోది చాలావరకు ఒప్పు. "అంతా కాదు" అని రాశారంటే ఆవిడకి విషయం బాగా తెలిసే ఉండాలి.

అంకెలపిచ్చి
బాక్టీరియా లెక్క నాకు వదిలేయండి, రాత్రికి వివరంగా రాస్తాను. ఏడేళ్ల సంగతి ల్యాబ్‌కోటు గారు చెబితేనే బాగుంటుంది. ఎక్కడున్నారండీ?

ల్యాబ్‌కోటు
ఇక్కడే ఉన్నాను. ఈ ఏడేళ్ల మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అసలు కథ దీనికంటే వంద రెట్లు బాగుంటుంది కాబట్టి.

ఒక కణం వయసెంతో ఎలా తెలుస్తుంది? దాని మీద పుట్టినతేదీ రాసి ఉండదు కదా. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో యోనాస్ ఫ్రిసెన్, కర్స్టీ స్పాల్డింగ్ బృందం దానికో దారి వెతికింది. ఆ దారి అణుబాంబుల మీదుగా పోతుంది.

1950ల్లో, 60ల మొదట్లో ఆరుబయట వరసపెట్టి అణుపరీక్షలు చేశారు. గాలిలో కార్బన్-14 అనే బరువైన రకం కార్బన్ దాదాపు రెట్టింపైంది. 1963లో ఒప్పందం కుదిరి ఆ పరీక్షలు చాలామటుకు ఆగాయి. అప్పట్నుంచి సముద్రాలూ చెట్లూ పీల్చుకుంటూ ఉంటే ఆ మట్టం ఏటా కొంచెం కొంచెం దిగుతూ వచ్చింది. ఇప్పుడు మన ఒంట్లోకి రండి. మొక్కలు గాలిలోని కార్బన్‌ని తీసుకుంటాయి. మొక్కల్ని మనం తింటాం, మొక్కల్ని తిన్నవాటినీ తింటాం. కణం రెండుగా చీలేటప్పుడు కొత్త డీఎన్‌ఏ ఆ కార్బన్‌తోనే తయారవుతుంది. చీలడం ఆగాక ఇక డీఎన్‌ఏలోని కార్బన్ మారదు. అంటే ఆ కణం పుట్టిన ఏడాది గాలి ఎలా ఉందో దాంట్లో ముద్ర పడిపోతుంది. ఆ ముద్రను చదివితే పుట్టిన సంవత్సరం దొరుకుతుంది.

అలా చదివితే తేలిందేంటంటే, మెదడు పైపొరలోని న్యూరాన్ల, అంటే నాడీకణాల వయసూ మనిషి వయసూ ఒకటే. పుట్టినప్పుడు ఉన్నవే చివరిదాకా. గుండె కండర కణాలు ఇరవై ఐదేళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒకటి చొప్పున మారతాయి, డెబ్బై ఐదేళ్లకి అది అరకన్నా తక్కువకి పడిపోతుంది. నిండు జీవితం బతికినా గుండెలో సగానికి పైగా పుట్టుకతో వచ్చిన కణాలే ఉంటాయి. ఇది 2009లో వచ్చిన ఫలితం. అదే మనిషిలో పేగు లోపలి పొర నాలుగైదు రోజుల్లో మారిపోతుంది, ఎర్ర రక్తకణం 120 రోజులు బతుకుతుంది, కొవ్వు కణాలు ఏటా పదోవంతు మారతాయి. కంటి కటకం నడిమధ్య ఉండే ప్రోటీన్లయితే మనం తల్లి కడుపులో ఉన్నప్పటివి.

ఒక మనిషిలో వారం వయసున్నవీ ఉన్నాయి, అరవై ఏళ్లవీ ఉన్నాయి. అన్నిటికీ కలిపి సగటు ఏడు నుంచి పదేళ్ల మధ్య రావచ్చని అంచనా కట్టారు. ఆ సగటు కాస్తా జనం నోట్లో పడి గడువైపోయింది. సైన్సు మాట మార్చలేదు చార్టుపేపర్ గారూ, మాట దారిలో మారింది.

చార్టుపేపర్
"మాట దారిలో మారింది." ఇది పాపకు చదివి వినిపించాను. గుండె మారదా అని రెండుసార్లు అడిగింది.

ల్యాబ్‌కోటు
మారుతుంది, చాలా నెమ్మదిగా. "మారదు" అని రాయనివ్వకండి, ఎర్ర పెన్ను మళ్లీ వస్తుంది.

పాతపుస్తకం
నేను 1961లో పుట్టాను. అంటే ఆ బాంబుల కార్బన్ నాలో ఉందా?

ల్యాబ్‌కోటు
మీలో గట్టిగానే ఉంటుంది. అన్నిటికంటే పక్కాగా మీ పళ్లలో. పంటి ఎనామెల్ ఒక్కసారే ఏర్పడుతుంది, తర్వాత మారదు. 2005లో ఇదే బృందం పంటి ఎనామెల్‌లోని కార్బన్-14 చూసి మనిషి పుట్టిన సంవత్సరాన్ని ఏడాదిన్నర అటూ ఇటూగా చెప్పగలిగింది. ఎవరివో తెలియని శవాల్ని గుర్తించడానికి పోలీసులకు ఈ పద్ధతి పనికొస్తుంది. ఇంకో సంగతి. గాలిలో ఆ మట్టం ఈమధ్యే దాదాపు పాత స్థాయికి దిగివచ్చింది, బొగ్గూ పెట్రోలూ కాల్చడం వల్ల ఇంకా పలచబడుతోంది. అంటే ఇప్పుడు పుట్టే పిల్లల కణాలకు ఈ గడియారం సరిగా పనిచేయదు. మీ తరం నుంచి మా తరం దాకానే ఈ ముద్ర స్పష్టంగా ఉంటుంది.

పాతపుస్తకం
అరవై దాటాక నా పళ్ల గురించి ఎవరైనా ఇంత గౌరవంగా మాట్లాడటం ఇదే మొదలు. అద్దం ముందు నిలబడి చూసుకుని వచ్చాను.

సందేహాలరావు
అంతా బాగుంది. నా ప్రశ్నకు జవాబు రాలేదు. న్యూరాన్లు పుట్టినప్పటివే అంటున్నారు. మరి కొత్తవి పుడతాయన్న వార్తలేంటి?

ల్యాబ్‌కోటు
నేను చెప్పింది మెదడు పైపొర గురించి. గొడవంతా హిప్పోక్యాంపస్ అనే చిన్న చోటు గురించి. జ్ఞాపకాలు కట్టే చోటది. 2013లో కార్బన్ ముద్ర చూసి, పెద్దవాళ్లలోనూ అక్కడ రోజుకు సుమారు 700 న్యూరాన్లు కొత్తగా చేరుతున్నాయని లెక్కకట్టారు. 2018లో ఒక బృందం పెద్దల మెదళ్లలో వెతికితే కొత్తవి కనబడలేదంది. కొద్ది వారాల్లోనే ఇంకో బృందం కనబడ్డాయంది. ఎందుకంటే మనిషి పోయాక మెదడును ఎన్ని గంటల్లో భద్రపరిచారు, ఏ రసాయనంలో ఉంచారు అన్నదాన్నిబట్టి ఆ లేతకణాల గుర్తులు చెరిగిపోగలవు. 2025లో ఫ్రిసెన్ బృందమే కణం కణం విడదీసి చూసి, చీలుతూ ఉన్న మాతృకణాల్ని పెద్దవాళ్లలోనూ పట్టుకుంది. మనిషి మనిషికీ తేడా ఎక్కువే.

రావుగారూ, నలుగురు మాట మార్చుకోవడం కాదిది. చీకటిగదిలో నలుగురు నాలుగు దీపాలతో వెతుకుతున్నారు, అంతే.

సందేహాలరావు
దీపాల మాట బాగానే ఉంది. కానీ నా దాకా వచ్చేటప్పటికి ప్రతిదీ "నిరూపించారు" అనే వస్తోంది. 44 ఏళ్లకి ఒకసారి, 60కి ఒకసారి మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోతాడని 2024లో చదివాను. నాకు అప్పుడు 43. ఏడాదంతా భయపడుతూ బతికాను.

అంకెలపిచ్చి
ఆ స్టాన్‌ఫర్డ్ అధ్యయనం నేను చదివాను. చూసింది 108 మందిని, 25 నుంచి 75 ఏళ్లవాళ్లని. వాళ్ల రక్తంలోని అణువులు, ఒంట్లోని సూక్ష్మజీవులు 44 దగ్గర, 60 దగ్గర ఎక్కువగా మారుతున్నట్టు కనిపించింది. 108 మంది! అదీ కొన్నేళ్లపాటే గమనించారు, పుట్టుకనుంచి వెంటబడలేదు. ఇది ఒక సూచన. దీన్ని పట్టుకుని ఎవరూ దిగులుపడకండి. మీకు 44 వచ్చి వెళ్లిపోయింది, బాగానే ఉన్నారు కదా.

సందేహాలరావు
బాగానే ఉన్నాను. ఆ 108 అంకె ఏ వార్తలోనూ నేను చూడలేదు. అదే నా కోపం.

అంకెలపిచ్చి
ఇక బాక్టీరియా. పది రెట్లు అన్నది 1970ల్లో వేసిన ఒక చేతిలెక్క. పేగుల్లో మొత్తం లీటరు సరుకు ఉందనుకున్నారు, అంతటా బాక్టీరియా ఒకే చిక్కదనంతో ఉందనుకున్నారు. నిజానికి అంత చిక్కగా ఉండేది పెద్దపేగులోనే. అది సుమారు 400 మిల్లీలీటర్లు. ఎవరూ సరిచూడలేదు, నలభై ఏళ్లు పుస్తకం నుంచి పుస్తకానికి పాకింది.

2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో సెండర్, ఫుక్స్, మిలో అనే ముగ్గురు మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టారు. 70 కిలోల మనిషిలో సొంత కణాలు దాదాపు 30 లక్షల కోట్లు. బాక్టీరియా దాదాపు 38 లక్షల కోట్లు. ఇంచుమించు సమానం. బాక్టీరియా అంతా కలిపితే బరువు 200 గ్రాములు. ఇంకో చిత్రం, మన సొంత కణాల్లో సంఖ్య ప్రకారం నూటికి 84 ఎర్ర రక్తకణాలే. వాటిలో డీఎన్‌ఏ ఉండే కేంద్రకమే ఉండదు.

లెక్క ఎంత దగ్గరగా ఉందంటే, ఒక్కసారి దొడ్డికి వెళ్లివస్తే మనవైపు కణాలు ఎక్కువైపోవచ్చని ఆ వ్యాసం రాసినవాళ్లే అన్నారు. ఇది చార్టులో పెట్టండి, క్లాసంతా గుర్తుపెట్టుకుంటుంది.

చార్టుపేపర్
పాప నవ్వు ఆగట్లేదు. టీచరు ఏమంటారో అని వాళ్లమ్మ భయం.

వేగుచుక్క
పెట్టండి. పిల్లల్ని సైన్సు వైపు తిప్పింది చాలాసార్లు ఇలాంటి సంగతులే.

పాలపుంత77
మూడోది నాది. "అంతా కాదు" అని టీచరు ఎందుకన్నారో చెబుతాను.

మన ఒంట్లోని పరమాణువుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడితే నూటికి అరవైకి పైగా హైడ్రోజన్. అది నక్షత్రంలో తయారైంది కాదు. విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లోనే దాని కేంద్రకాలు సిద్ధమయ్యాయి. 1380 కోట్ల ఏళ్ల కిందటి సరుకు. పాప ఇప్పుడు తాగే గుక్కెడు నీళ్లలో అదే ఉంది. బరువు ప్రకారం చూస్తే హైడ్రోజన్ పదోవంతే. మిగతాది ఆక్సిజన్, కార్బన్, నైట్రోజన్, కాల్షియం, ఇనుము. ఇవి నక్షత్రాల్లో ఉడికినవి, అవి పేలినప్పుడో ఆరిపోయేటప్పుడో బయటపడినవి. కాబట్టి "బరువులో తొంభై శాతం నక్షత్రాల నుంచి, మిగతాది విశ్వం పుట్టుక నుంచి" అని రాస్తే టీచరు టిక్కు పెట్టక తప్పదు.

కానీ నాకు ఒళ్లు జలదరించేది వేరే ఉంది. ఇనుముకంటే బాగా బరువైనవి, బంగారం లాంటివి, ఎక్కడ తయారవుతాయన్నది చాలాకాలం అనుమానంగానే ఉండేది. 2017 ఆగస్టు 17న లైగో, వర్గో పరికరాలకు గురుత్వ తరంగాలు, అంటే స్థలకాలంలో లేచే అలలు తగిలాయి, సుమారు వంద సెకన్ల పాటు. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు, అంటే పెద్ద నక్షత్రాలు పేలాక మిగిలే చిక్కటి ముద్దలు, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఢీకొన్నాయి. సరిగ్గా 1.7 సెకన్ల తర్వాత ఫెర్మీ ఉపగ్రహానికి గామా కిరణాలు అందాయి, అవీ ఒక రకం కాంతే. ఆ జంట మనకు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 13 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిన రెండు సందేశాలు రెండు సెకన్లు కూడా తేడా లేకుండా తలుపు తట్టాయి! గురుత్వ తరంగాలూ కాంతీ ఒకే వేగంతో వెళతాయనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? ప్రపంచంలో టెలిస్కోపులన్నీ అటు తిరిగాయి. ఆ వెలుగును విడదీసి చూస్తే బరువైన మూలకాలు అప్పుడే తయారై వెదజల్లబడుతున్నట్టు తేలింది. వాటిలో స్ట్రాన్షియం అనే మూలకం గుర్తును 2019లో పట్టుకున్నారు.

ఆ రోజు నేను రాత్రంతా పడుకోలేదు. మనిషి బంగారం పుట్టడాన్ని కళ్లారా చూసిన మొదటి రోజది.

నీలిగగనం
పాలపుంత గారు ఈ సంఘటన గురించి రాయడం ఈ వేదికలో నేను చూస్తుండగా ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ చదివాను. ఐదోసారీ చదువుతాను.

మిణుగురు
చార్టులో బెన్ను గ్రహశకలం సంగతి కూడా పెట్టండి. ఒసైరిస్-రెక్స్ నౌక 2023 సెప్టెంబరులో దాన్నుంచి 121.6 గ్రాముల మట్టి తెచ్చింది. డబ్బా మూత బిగుసుకుపోయింది, 35 బిగింపుల్లో రెండు ఊడిరాలేదు, కొత్తగా పనిముట్లు తయారుచేసి తీయడానికి 2024 జనవరి దాకా పట్టింది. 2025 జనవరిలో ఫలితాలు చెప్పారు. ప్రాణులు ప్రోటీన్ల కోసం వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయి. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల్లోని ఐదు అక్షరాలూ ఉన్నాయి. ఉప్పునీళ్లు ఎండిపోతే మిగిలే లవణాలూ ఉన్నాయి.

సందేహాలరావు
అంటే ప్రాణం ఆకాశం నుంచి వచ్చిందనేగా?

మిణుగురు
కాదండీ. ఇటుకలు కనబడ్డాయి, ఇల్లు కాదు. పైగా అమైనో ఆమ్లాలు మనిషీ అద్దంలో బొమ్మలా రెండు రకాలు, అందులో ఎడమచేతివాటంవీ కుడిచేతివాటంవీ సమానంగా ఉన్నాయి. భూమ్మీద ప్రాణులు దాదాపు అన్నిచోట్లా ఎడమచేతివాటంవే వాడతాయి. మనం ఎడమవైపే ఎందుకు మొగ్గామన్నది ఈ మట్టి వచ్చాక ఇంకా పెద్ద చిక్కుముడైంది.

సందేహాలరావు
మరి వేరే గ్రహం మీద ప్రాణం దొరికిందని 2025లో పేపర్ల నిండా వచ్చిందే?

వేగుచుక్క
కే2-18బీ అనే గ్రహం గురించేగా. 124 కాంతి సంవత్సరాల దూరం. కేంబ్రిడ్జి బృందం జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో చూసి, దాని గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ ఉండొచ్చంది. భూమ్మీద అది ఎక్కువగా సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. వాళ్లు చెప్పిన గట్టిదనం మూడు సిగ్మాలు. ఫలితం యాదృచ్ఛికం కాదనడానికి కొలత సిగ్మా, ఎంత ఎక్కువైతే అంత గట్టి. ఈ రంగంలో "దొరికింది" అని చాటాలంటే ఐదు సిగ్మాలు కావాలి. మిగతావాళ్లు అదే డేటాను మళ్లీ చూసి అంత బలమైన ఆధారం లేదన్నారు. ఆ బృందం కూడా ప్రాణం దొరికిందని చెప్పలేదు, ఇంకా చూడాలంది.

సైన్సు తన తప్పును ఎలా ఒప్పుకుంటుందో చూడాలంటే 2011 సంగతి చదవండి. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ప్రయోగశాల నుంచి 730 కిలోమీటర్ల దూరంలోని ఇటలీ కొండ కింద ఉన్న ఒపేరా పరికరానికి పంపిన న్యూట్రినోలనే అతిచిన్న కణాలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందు చేరాయి. ఐన్‌స్టీన్ తప్పా అని లోకమంతా గోలెత్తింది. ఆ బృందం ఏం చేసింది? మేం నెలల తరబడి వెతికాం, తప్పు దొరకలేదు, మీరూ వెతకండి అని లెక్కలన్నీ బయటపెట్టింది. చివరికి ఒక ఫైబర్ కేబుల్ సరిగా బిగించలేదని తేలింది. సిగ్గుపడి దాచుకోలేదు, అదీ చెప్పారు. రావుగారూ, మీరు మాట మార్చడం అంటున్నదాన్ని నేను నిజాయితీ అంటాను.

సందేహాలరావు
సరే, ఆ మాట ఒప్పుకుంటాను. మార్చుకున్నందుకు కోపం పోయింది. మనదాకా తెచ్చేవాళ్ల మీద కోపం అలాగే ఉంది.

కందిరీగ
ఎవరూ ఈగ గురించి మాట్లాడలేదేంటి! 2024 అక్టోబరులో పండ్ల ఈగ మెదడు మొత్తం పటం గీశారు. 1,39,255 న్యూరాన్లు, 5 కోట్లకు పైగా అతుకులు. గసగసంత మెదడు! కంప్యూటర్ గీసిన తీగల్ని వాలంటీర్లు కూడా కూర్చుని సరిచేశారు.

నిర్వాహకుడు
కందిరీగ గారూ, ఈగకు విడిగా చర్చ తెరవండి, అందరం వస్తాం. ఇక్కడ చార్టుకు సోమవారం గడువుంది.

చంద్రవంక
ఇది చార్టులో పెట్టాల్సింది కాకపోవచ్చు. ఏడేళ్లకి ఒళ్లు మొత్తం మారిపోతుందన్న మాటకీ దీనికీ సంబంధం ఉంది కాబట్టి రాస్తున్నాను.

తొమ్మిదేళ్ల కిందట ఏడో నెలలో నా బాబు పోయాడు. ఈ ఏడేళ్ల మాట నేనూ ఎక్కడో చదివాను. రెండేళ్ల కిందట ఒక రాత్రి కూర్చుని లెక్కవేసుకున్నాను. వాణ్ణి మోసిన ఒళ్లు ఇక నాది కాదన్నమాట అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చాలా రోజులు అది లోపల అలా ఉండిపోయింది.

తర్వాత చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరుతో మాటల్లో అన్నాను. ఆవిడ కాగితం వెనక బొమ్మ గీసి చూపించారు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కణాలు మావి దాటి తల్లి రక్తంలోకి వస్తాయి. కాన్పయ్యాకా కొన్ని పోవు. ల్యాబ్‌కోటు గారూ, ఇది ఎంతవరకు నిజమో మీరు చెప్పండి. తప్పయితే తప్పని చెప్పండి, ఫరవాలేదు.

ల్యాబ్‌కోటు
చంద్రవంక గారూ, నిజం. దీన్ని మైక్రోకైమెరిజం అంటారు. 1996లో డయానా బియాంకీ బృందం, కొడుకును కని 27 ఏళ్లయిన తల్లి రక్తంలో మగ డీఎన్‌ఏ ఉన్న కణాల్ని చూసింది. 2012లో 59 మంది మహిళల మెదళ్లను, వాళ్లు పోయాక, పరీక్షించారు. నూటికి 63 మందిలో మగ డీఎన్‌ఏ కనిపించింది. అందులో అందరికంటే పెద్దావిడకు 94 ఏళ్లు. ఆ డీఎన్‌ఏ ఎక్కువగా కడుపున మోసిన కొడుకులది అయి ఉంటుందని భావిస్తున్నారు. నెలలు నిండకుండా పోయిన బిడ్డల కణాలూ ఇలా తల్లిలోకి చేరతాయి.

మగ డీఎన్‌ఏనే ఎందుకు వెతుకుతారంటే, ఆడమనిషిలో వై క్రోమోజోమ్ కనబడితే అది తనది కాదని వెంటనే తెలుస్తుంది. కూతుళ్ల కణాలూ ఉంటాయి, గుర్తుపట్టడం కష్టం, అంతే.

అవి అక్కడ ఏం చేస్తాయన్నది ఇంకా తేలలేదు. ఎలుకల్లో గాయపడ్డ తల్లి గుండెకు పిల్ల కణాలు చేరుకోవడం చూశారు. కొన్ని జబ్బుల్లో వీటికి చెడ్డ పాత్ర ఉందేమోనన్న అనుమానమూ ఉంది. కాబట్టి దీన్ని వరమనో శాపమనో నేను అనను. మీరు అడిగింది ఉంటాయా అని. ఉంటాయి. ఒక్కరి విషయంలో పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పలేం, కానీ చాలామంది తల్లుల్లో ఉంటాయి.

చంద్రవంక
చాలు. థాంక్స్ అండీ.

పాతపుస్తకం
అమ్మా, మీ పోస్టు చదివి మా ఆవిడకు వినిపించాను. మేమూ ఒక బిడ్డను పోగొట్టుకున్నాం, నలభై ఏళ్లవుతోంది. ఆవిడ ఏమీ అనలేదు. కాసేపయ్యాక వచ్చి మళ్లీ చదవమంది.

నీలిగగనం
దీనికి అటువైపు కూడా ఉంది కదా? తల్లి కణాలు బిడ్డలో?

ల్యాబ్‌కోటు
ఉంది. పెద్దయిన పిల్లల రక్తంలోనూ తల్లి కణాలు దొరికాయి. ఇంకో చిన్న సంగతి. ఆడపిల్ల కడుపులో ఉన్నప్పుడే తన అండాలన్నీ ఏర్పడిపోతాయి. అంటే మీరు ఏ అండం నుంచి వచ్చారో అది మీ అమ్మమ్మ కడుపులో కొన్నాళ్లు ఉంది.

మిణుగురు
మనలో ఉన్నవాళ్ల జాబితా ఇంకా పెద్దదే. ఆఫ్రికా బయట మూలాలున్నవాళ్లందరి డీఎన్‌ఏలో నూటికి ఒకటీ రెండూ వంతులు, అంతరించిపోయిన నియాండర్తాల్ మనుషులది. స్వాంటే పాబో 2010లో వాళ్ల జన్యుపటం తొలిరూపు తెచ్చాడు, 2022లో నోబెల్ వచ్చింది. సైబీరియా గుహలో దొరికిన ఒక చిన్న ఎముక ముక్క పదమూడేళ్లకు పైబడిన ఒక అమ్మాయిది. తల్లి నియాండర్తాల్, తండ్రి డెనిసోవన్ అనే ఇంకో అంతరించిన మనుషుల తెగవాడు! 90 వేల ఏళ్ల కిందట. ఆ ముక్క పొడవు రెండున్నర సెంటీమీటర్లు కూడా లేదు.

అంకెలపిచ్చి
దీన్ని మాత్రం చార్టులో పెట్టండి. ఎముక బొమ్మ అసలు కొలతలోనే వేయించండి. అందరూ దగ్గరికొచ్చి చూడాలి.

చార్టుపేపర్
కొత్త చార్టు మొదలుపెట్టాం. పాత పేరు తీసేసి "నా వయసెంత?" అని పెట్టింది. మధ్యలో తన బొమ్మ. పేగు దగ్గర 4 రోజులు, రక్తం దగ్గర 120 రోజులు, మెదడు దగ్గర 11 ఏళ్లు, నీళ్లలోని హైడ్రోజన్ దగ్గర 1380 కోట్ల ఏళ్లు. బాణాలన్నీ తనే గీసింది. నేను అక్షరాలు కూడా రాయలేదు ఈసారి.

ఒక ప్రశ్న. పాప దగ్గర పోయిన నెల ఊడిన పాలపన్ను ఉంది, దవడది, అగ్గిపెట్టెలో దాచుకుంది. ఆ పన్ను వయసెంత అని అడుగుతోంది.

ల్యాబ్‌కోటు
ఎంత మంచి ప్రశ్న! పాలపళ్ల ఎనామెల్ కడుపులో ఉండగానే మొదలవుతుంది. చెట్టుకాండంలో వలయాల్లాగా పొరలు పొరలుగా పేరుతుంది. పుట్టిన రోజున బిడ్డ ఒంటికి పెద్ద కుదుపు కదా, గాలి పీల్చడం, సొంతంగా పాలు తాగడం. ఆ కుదుపు ఎనామెల్‌లో సన్నని ముదురు గీతగా పడుతుంది. దాన్ని నియోనేటల్ లైన్ అంటారు. గీతకు లోపలున్నది పుట్టకముందుది, బయటున్నది పుట్టాక ఏర్పడింది. మీ పాప పుట్టినరోజు ఆ అగ్గిపెట్టెలో ఉంది.

చార్టుపేపర్
ఇది చదివి పన్ను తీసి అరచేతిలో పెట్టుకుని లైటు కిందకు పరిగెత్తింది.

ల్యాబ్‌కోటు
లైటు కింద కనబడదని చెప్పండి. పన్నును నిలువునా పలచటి రేకులా కోసి మైక్రోస్కోపు కింద పెట్టాలి.

చార్టుపేపర్
సోమవారం సాయంత్రం రాస్తున్నాను. చార్టు ఇచ్చేసింది. అగ్గిపెట్టెను చార్టుకు కింద మూల అతికించి పట్టుకెళ్లింది. టీచరు పన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారట. తనకు తెలిసిన ఒక దంతవైద్య కళాశాలలో కోసి చూపించమని అడుగుతానన్నారట. పాప ఒప్పుకోలేదు, పన్ను వెనక్కి తెచ్చేసుకుంది. అవతలి దవడన ఇంకోటి కదులుతోంది, అది ఊడాక ఇస్తానందట.